బొమ్మ వేయడం ఒక చదువు, బొమ్మను చదవడం మరో చదువు

హైస్కూలు పిల్లలకు చిత్రకళ పీరియడ్ ఎందుకు? బెళ్ళందూరు తెలుగు కుటుంబాలకు, తెలుగు బడులకు కొన్ని ఆలోచనలు

బెళ్ళందూరు పేరు చెప్పగానే బెంగళూరులో ఎవరికైనా రెండు విషయాలు గుర్తొస్తాయి. ఒకటి ఔటర్ రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్. రెండోది చెరువు మీద నురగ. 2015 మే నెలలో ఆ నురగ అంటుకుని మండింది. 2017 ఫిబ్రవరిలో మళ్లీ మంటలు లేచాయి. 2018 జనవరిలో చెరువులో గడ్డి తగలబడితే ఆర్పడానికి సైనికులు దిగాల్సి వచ్చింది. ఆ రోజుల్లో పత్రికల్లో వచ్చిన ఫొటోలను దేశమంతా చూసింది. విచిత్రం ఏమిటంటే ఆ నురగ ఫొటోల్లో చాలావరకు చూడటానికి అందంగానే ఉంటాయి. మంచు కురిసినట్టు, దూది ఆరబోసినట్టు ఉంటాయి.

అలాంటి ఫొటో ఒకటి తొమ్మిదో తరగతి పిల్లల ముందు పెట్టి ‘ఇది అందంగా ఉందా?’ అని అడిగి చూడండి. కొందరు ఉందంటారు, కొందరు లేదంటారు. ‘ఎందుకు?’ అని అడిగితే మాత్రం తరగతి మౌనంగా ఉండిపోతుంది. తెలివి లేక కాదు. చూసినదాన్ని మాటల్లో పెట్టడం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఇంగ్లిషులో అయితే ‘నైస్’, ‘సూపర్’ అంటారు. తెలుగులో ‘బాగుంది’ అంటారు. ఆ తర్వాత మాట దొరకదు.

ఈ వారం మా పేజీలో ఆ దొరకని మాట గురించే రాస్తున్నాం. పిల్లల చేత బొమ్మలు వేయించడం ఎలా, వేసిన బొమ్మ గురించి మాట్లాడించడం ఎలా, అందులో మన భాషకు ఉన్న పాత్ర ఏమిటి అన్నది విషయం.

పదమూడేళ్లకు పెన్సిల్ ఎందుకు పక్కన పెడతారు?

ఐదేళ్ల పిల్లవాడికి గోడ దొరికితే చాలు, బొమ్మ వేస్తాడు. వాడే పదమూడేళ్లకు ‘నాకు డ్రాయింగ్ రాదు’ అంటాడు. ఇది మన ఇళ్లలోనే జరిగేది కాదు. పిల్లల బొమ్మల మీద జీవితమంతా పనిచేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వెలువరించిన గ్రంథంలో ఈ దశను వివరించాడు. పదకొండు, పన్నెండేళ్లు దాటాక పిల్లల కన్ను పదునెక్కుతుంది. చెయ్యి అంత వేగంగా ఎదగదు. కంటికి కనిపించిన ఏనుగు వేరు, కాగితం మీద పడిన ఏనుగు వేరు. ఆ తేడా వాళ్లకే తెలిసిపోతుంది. సిగ్గుపడతారు. మానేస్తారు.

సరిగ్గా అదే సమయంలో బడిలో డ్రాయింగ్ పీరియడ్ కూడా మాయమవుతుంది. టైంటేబుల్‌లో ఉంటుంది, కానీ లెక్కల టీచర్ అడిగి తీసుకుంటారు. పదో తరగతికి వచ్చేసరికి అడగడం కూడా ఉండదు. పిల్లకు చేయూత కావలసిన వయసులోనే బడి చెయ్యి వదిలేస్తోందన్న మాట.

ఇక్కడే విమర్శ పనికొస్తుంది. విమర్శ అంటే తప్పులు పట్టడం అని మనకో భయం ఉంది. నిజానికి ఆ వయసు పిల్లకు లోపల విమర్శకురాలు అప్పటికే పుట్టింది. కాకపోతే ఆమెకు తెలిసిన మాటలు రెండే, ‘బాగుంది’, ‘బాగోలేదు’. ఆ రెంటి మధ్య ఉన్న నూరు మాటలు అందిస్తే పిల్ల పెన్సిల్ పారేయదు. ‘ఏనుగు బాగోలేదు’ అనే బదులు ‘కాళ్లు సన్నగా పడ్డాయి, అందుకే బరువు కనిపించడం లేదు’ అనగలిగిన పిల్ల రెండో ఏనుగు వేస్తుంది. మూడోదీ వేస్తుంది.

ఖర్చు లేని సరంజామా

‘రంగులు, కాన్వాసులు మా వల్ల కాదు’ అనే తల్లిదండ్రులు ఉన్నారు. బెళ్ళందూరు తెలుగువాళ్లందరూ ఐటీ ఉద్యోగులు కారు. అపార్టుమెంట్లు కట్టే మేస్త్రీలు, కాపలా కాసేవాళ్లు, ఇళ్లలో పని చేసేవాళ్లు, డ్రైవర్లు కూడా మనవాళ్లే. అందరి పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చునే తరగతిలో ఖరీదైన రంగుల పెట్టె అవసరమయ్యే పాఠం పెట్టకూడదు. పెట్టనక్కరలేదు కూడా.

మొదటి పాఠం ముగ్గు. చుక్కలు పెట్టి, వాటిని చుట్టి, గీత తెగకుండా మొదలైన చోటికి తేవడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. సమరూపత, లయ, ఖాళీ చోటు విలువ, ఈ మూడూ ముగ్గులోనే ఉన్నాయి. బడికి ఒక శనివారం ఇద్దరు ముగ్గురు అమ్మలనో అమ్మమ్మలనో పిలవండి. ఒకే పదిహేను చుక్కల వరసతో ఇద్దరు చెరో ముగ్గు వేయాలి. పిల్లలు రెండింటినీ పక్కపక్కన చూసి తేడాలు రాయాలి. మగపిల్లలు కూడా వేయాలి, రాయాలి.

రెండో పాఠం బొగ్గు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు బట్ట మీద మొదటి గీతలు గీసేది చింతపుల్లలు కాల్చి చేసిన బొగ్గుతోనే. బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. పాత ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి నలుపు రంగు తీస్తారు. అది కెమిస్ట్రీ పాఠం కూడా. మన పిల్లలకు బొగ్గు ముక్క, పాత న్యూస్‌పేపరు ఉంటే చాలు. బొగ్గుతో లాభం ఏమిటంటే రబ్బరుతో పదే పదే చెరిపే అలవాటు పోతుంది. తప్పు గీత పక్కనే ఒప్పు గీత పడుతుంది. రెండూ కనిపిస్తూ ఉంటాయి. చూడటం నేర్చుకునేది అక్కడే.

మూడో పాఠం చెరువు. బెళ్ళందూరు చెరువు దాదాపు 900 ఎకరాలు. నగరంలోని పెద్ద చెరువుల్లో ఒకటి. ఇందులోని నీళ్లు వర్తూరు చెరువుకు, అక్కడి నుంచి దక్షిణ పినాకినికి పోతాయి. మన నెల్లూరు వైపు పారేది ఉత్తర పినాకిని, అంటే పెన్న. రెండూ నంది కొండల ప్రాంతంలో పుట్టినవే. ఈ సంగతి చెబితే పిల్లలకు చెరువు మీద కొంచెం చుట్టరికం కలుగుతుంది. నీటి దగ్గరకు తీసుకెళ్లవద్దు. రోడ్డు పక్క నుంచో, మేడ మీద నుంచో, దూరం నుంచి చూసి గీస్తే చాలు. ఒకే చోటును ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, వాన వెలిశాక ఒకసారి గీయించండి. పూడిక తీసే యంత్రాలు, ఎగిరే కొంగలు, వెనక అద్దాల మేడలు అన్నీ కాగితంలో పట్టవు. ఏది ఉంచాలి, ఏది వదలాలి? ఆ నిర్ణయమే కళలో మొదటి మెట్టు.

నాలుగు మెట్లలో విమర్శ

బొమ్మ గురించి మాట్లాడటానికి అమెరికా కళావిద్యావేత్త ఎడ్మండ్ ఫెల్డ్‌మన్ చెప్పిన నాలుగు మెట్ల పద్ధతి ప్రపంచంలో చాలా బడుల్లో వాడుకలో ఉంది. వర్ణన, విశ్లేషణ, అర్థం చెప్పడం, చివరికి తీర్పు. మనం సాధారణంగా నాలుగో మెట్టు మీదకు ముందే దూకుతాం. అందుకే జారిపడతాం. మొదట చెప్పుకున్న నురగ ఫొటోతోనే ఒక తరగతి నడిపి చూద్దాం.

మొదటి మెట్టు: ఏం కనిపిస్తోంది? ఇక్కడ అభిప్రాయాలు వద్దు. తెల్లటి నురగ, దాని అంచున ఇనుప కంచె, కంచె పక్కన స్కూటరు మీద ముక్కు మూసుకున్న మనిషి, వెనక మేడలు. ఇలా కనిపించినవే చెప్పాలి. ‘కాలుష్యం కనిపిస్తోంది’ అని ఎవరైనా అంటే ఆపండి. కాలుష్యం కంటికి కనిపించదు, నురగ కనిపిస్తుంది. కనిపించినదానికీ ఊహించినదానికీ తేడా తెలియడం ఈ మెట్టులో వచ్చే లాభం. ఈ ఒక్క అలవాటు సైన్సు రికార్డులోనూ పనికొస్తుంది, వాట్సాప్‌లో వచ్చే ఫార్వర్డులను చూసేటప్పుడూ పనికొస్తుంది.

రెండో మెట్టు: ఎలా అమర్చారు? ఫొటోలో నురగకు ఎంత చోటిచ్చారు? మనిషి ఎంత చిన్నగా ఉన్నాడు? కన్ను ముందు ఎక్కడ పడుతోంది, తర్వాత ఎటు పోతోంది? వెలుతురు ఏ వైపు నుంచి వస్తోంది?

మూడో మెట్టు: ఏం చెబుతోంది? మనిషిని చిన్నగా, నురగను పెద్దగా చూపడం వల్ల మనకు ఏ భావం కలుగుతోంది? ఇక్కడ ఇద్దరు పిల్లలు రెండు అర్థాలు చెప్పవచ్చు. రెండూ ఒప్పే కావచ్చు. షరతు ఒకటే, ఆధారం బొమ్మలోనే చూపించాలి.

నాలుగో మెట్టు: విలువ ఎంత? ఇప్పుడు అడగండి, ‘ఇది మంచి ఫొటోనా?’ అని. ఈసారి తరగతి మౌనంగా ఉండదు. ఒకరు అంటారు, అందంగా తీయడం వల్లే అందరూ చూశారు, కాబట్టి మంచిదే అని. మరొకరు అంటారు, ఆ నురగ మన ఇళ్ల సబ్బు నీళ్లు, డిటర్జెంట్లు, శుద్ధి చేయని మురుగు కలిసి పుట్టింది, దాన్ని మంచులా చూపడం మోసం అని. ఈ వాదన మీద పెద్దలు కూడా ఒక మాటకు రాలేరు. రానక్కరలేదు. ఒక పదిహేనేళ్ల పిల్ల తన పక్షాన కారణం చెప్పగలిగితే, ఎదుటివారి కారణం విని మనసు కొంచెం మార్చుకోగలిగితే, ఆ పీరియడ్ ఫలించినట్టే.

మాటలు మన దగ్గరే ఉన్నాయి

ఇవన్నీ తెలుగులో సాధ్యమా అని కొందరు టీచర్లకు సందేహం రావచ్చు. సాధ్యమే. చిత్రకళకు ఆరు అంగాలున్నాయని వాత్స్యాయనుడి గ్రంథానికి యశోధరుడు రాసిన వ్యాఖ్యలో ఉంది. రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజన, సాదృశ్యం, వర్ణికాభంగం. పేర్లు గంభీరంగా ఉన్నా అర్థాలు తేలికే. ఆకారాల మధ్య తేడా, కొలత, మనసులోని భావం, ఒద్దిక, పోలిక, రంగులు కలిపే నేర్పు. అవనీంద్రనాథ్ టాగూర్ గత శతాబ్దంలో ఈ ఆరింటినీ మళ్లీ చర్చలోకి తెచ్చారు. తొమ్మిదో తరగతి గోడకు ఈ ఆరు మాటలూ రాసి అంటించవచ్చు.

ఇంతకంటే దగ్గరి మాటలు ఇంట్లోనే ఉన్నాయి. లేత, ముదురు, పలచన, చిక్కన, మసక, వంపు, నునుపు, గరుకు, పొందిక, తూకం, వెలితి, ఎబ్బెట్టు. చీర కొనేటప్పుడు అమ్మ ‘అంచు ముదురుగా ఉంది, ఒంటిరంగు తేలిపోతోంది’ అంటుంది. అది రంగుల విమర్శే. బెంగళూరులో పెరిగే మన పిల్లలకు తెలుగు చాలావరకు అన్నం పెట్టే భాష, తిట్టే భాషగానే మిగిలింది. ఆలోచించడానికి ఇంగ్లిషు, వీధికి కన్నడ, ఇంటికి తెలుగు అని వాటా వేసుకున్నారు. బొమ్మ గురించి తెలుగులో వాదించిన పిల్లకు తన భాషలో ఆలోచించడం కూడా కుదురుతుందని తెలుస్తుంది. భాషా మైనారిటీ బడికి ఇంతకంటే పెద్ద పని ఏముంటుంది?

తెలుగులో కళా విమర్శకు దారి వేసినవారున్నారు. తెనాలి దగ్గర తుమ్మపూడికి చెందిన సంజీవదేవ్ (1914–1999) పల్లెలో ఉంటూనే ప్రపంచ చిత్రకళ గురించి సులువైన తెలుగులో రాశారు. యువకుడిగా హిమాలయాల్లోని నగ్గర్‌లో రోరిక్ కుటుంబం దగ్గర కొంతకాలం గడిపారు. ఆ కుటుంబంలోని స్వెతొస్లావ్ రోరిక్ తర్వాత బెంగళూరులో స్థిరపడ్డారు. ఆయన చిత్రాలను ఇక్కడి కర్ణాటక చిత్రకళా పరిషత్తులో చూడవచ్చు. తుమ్మపూడికీ కుమారకృప రోడ్డుకూ మధ్య ఇంత దగ్గరి దారి ఉందని మన పిల్లలకు ఎవరు చెబుతారు?

తోటివారి బొమ్మ ముందు

ఫొటోను విమర్శించడం తేలిక. పక్క బెంచీ పిల్ల బొమ్మను విమర్శించడం కష్టం. ఈ వయసులో ఒక్క నవ్వు చాలు, ఏడాదిపాటు బొమ్మ వేయకుండా చేయడానికి. అందుకే తరగతిలో కొన్ని కట్టుబాట్లు ముందే పెట్టుకోవాలి.

బొమ్మలన్నీ పేర్లు లేకుండా గోడకు పెట్టాలి. మొదటి ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా చూడాలి. మాట్లాడేటప్పుడు ‘నువ్వు’ అనకూడదు, ‘ఈ బొమ్మ’ అనాలి. ముందు బొమ్మలో పనిచేసినది ఒకటి చెప్పాలి, తర్వాత ఒక ప్రశ్న అడగాలి. ‘ఆకాశం బాగోలేదు’ అని కాదు, ‘ఆకాశాన్ని ఖాళీగా వదలాలనే అనుకున్నారా?’ అని. వేసిన పిల్ల చివరికి మాట్లాడాలి. అందరి మాటా వినాలి కానీ అందరి మాటా పాటించాలని లేదు. ఏది తీసుకోవాలో, ఏది వదిలేయాలో తనకే వదలాలి. ఆ తర్వాత అదే బొమ్మను మళ్లీ వేయడానికి మరో పీరియడ్ ఇవ్వాలి. మళ్లీ వేసే అవకాశం లేని విమర్శ ఉత్త తీర్పుగా మిగిలిపోతుంది.

టీచర్లకు ఒక విన్నపం. పిల్ల కాగితం మీద మీ పెన్సిల్ పెట్టకండి. మీరు దిద్దిన గీత ఎంత అందంగా ఉన్నా ఆ క్షణం నుంచి అది మీ బొమ్మ అయిపోతుంది. చూపించాల్సి వస్తే వేరే కాగితం మీద చూపించండి.

నగరంలో, పొలిమేరలో

చూడకుండా మాట్లాడలేం. బెంగళూరు ఈ విషయంలో పిల్లలకు ధనిక నగరం. చిత్రకళా పరిషత్తులో మైసూరు సంప్రదాయ చిత్రాలు, తోలుబొమ్మలు ఉన్నాయి. ఏటా జనవరిలో చిత్రసంతె రోజున కుమారకృప రోడ్డు పొడవునా చిత్రకారులు తమ బొమ్మలతో కూర్చుంటారు. వేసిన మనిషినే అడిగి తెలుసుకోవచ్చు. ప్యాలెస్ రోడ్డులో 2009లో మొదలైన జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల ఉంది. కస్తూర్బా రోడ్డులో 2023లో తెరిచిన మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ ఉంది.

వీధి కూడా ప్రదర్శనశాలే. 2015లో బాదల్ నంజుండస్వామి అనే చిత్రకారుడు రోడ్డు గుంతలో నిలిచిన నీళ్లలో మొసలి బొమ్మను పెట్టారు. 2019లో గుంతల రోడ్డు మీద వ్యోమగామి వేషంలో ఒక నటుడిని నడిపించి, చంద్రుడి మీద నడిచినట్టు వీడియో తీశారు. అది కళా, నిరసనా, హాస్యమా? ఎనిమిదో తరగతికి గంటసేపు చర్చకు సరిపోయే ప్రశ్న.

ఒక రోజు ప్రయాణం పెట్టుకోగలిగితే లేపాక్షి ఉంది. బెంగళూరు నుంచి దాదాపు 120 కిలోమీటర్లు. పదహారో శతాబ్దం విజయనగర కాలపు వీరభద్ర ఆలయం. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. పిల్లలు సాధారణంగా వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి, ఫొటో దిగి వచ్చేస్తారు. ఈసారి తల పైకెత్తించండి. పైకప్పు మీద నల్లటి గీతల మధ్య ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగుల్లో పార్వతీ కల్యాణం, కిరాతార్జునుల కథ కనిపిస్తాయి. ప్రతి స్త్రీ చీర మీద ఒక్కో రకం అల్లిక. రంగు రాలిన చోట పిల్లలు ఆగి అడగాలి: రాలినదాన్ని మళ్లీ పూయాలా, ఉన్నదున్నట్టు కాపాడాలా? పిల్లల్ని మండపంలో కూర్చోబెట్టి ఒక్క చీర అంచును నోటుపుస్తకంలోకి దించమనండి. అరగంట చూస్తే తప్ప అది దిగదు.

మార్కుల సంగతి

‘పదో తరగతిలో దీనికి మార్కులెన్ని?’ అన్నది ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక సందర్భంగానే పదో తరగతి వరకు కళలు తప్పనిసరి చేయాలని నిపుణుల బృందం సూచించింది. 2020 జాతీయ విద్యావిధానం కళలకూ శాస్త్రాలకూ మధ్య గట్టి గోడలు ఉండకూడదంది. 2023 నాటి పాఠశాల విద్యా చట్రం కళావిద్యకు సొంత స్థానం ఇచ్చింది. సీబీఎస్‌ఈ బడుల్లో పదో తరగతి వరకు కళతో ముడిపడిన ప్రాజెక్టులు చేయించాలి. కర్ణాటకలో లోయర్, హయ్యర్ డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షలున్నాయి. ప్రతిభా కారంజి, 2015 నుంచి జరుగుతున్న కళా ఉత్సవ్ వంటి వేదికలూ ఉన్నాయి.

ఇక రాజ్యాంగం 30(1) అధికరణం భాషా మైనారిటీలకు బడులు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. మైనారిటీ ఎవరన్నది రాష్ట్రం ప్రాతిపదికగా చూడాలని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. బోర్డు నిబంధనలకు లోబడి వారానికి ఒక పీరియడ్ కాపాడుకోవడానికి ఏ యాజమాన్యానికీ ఎవరి అనుమతీ అక్కరలేదు. కావలసింది తల్లిదండ్రుల సమావేశంలో ఒక్కరు లేచి ‘మా పిల్లల డ్రాయింగ్ పీరియడ్ ఏమైంది?’ అని అడగడమే.

డ్రాయింగ్ టీచర్ లేని బడిలో ఎలా అంటారా? వేయించడానికి కొంత శిక్షణ కావాలి కానీ, చూసి మాట్లాడించడానికి తెలుగు టీచర్ చాలు. నెలకొక బొమ్మ, దాని మీద పది వాక్యాలు. వ్యాసరచనకూ అదే సాధన. ఏడాది చివర ప్రదర్శన పెడితే ప్రతి బొమ్మ కింద పిల్లలే తెలుగులోనూ కన్నడలోనూ నాలుగు మాటలు రాయాలి. పక్కింటి కన్నడ కుటుంబం కూడా వచ్చి చదువుకుంటుంది.

ఇంట్లో

తల్లిదండ్రులు చేయాల్సింది కొంచెమే. పిల్ల బొమ్మ చూపించినప్పుడు ‘అబ్బ, ఎంత బాగుందో’ అని ఫోన్‌లోకి తల దించకండి. ‘ఇదేమిటి, కుక్కా?’ అని కూడా అడగకండి. ‘దీని గురించి చెప్పు నాన్నా’ అనండి, వినండి. ఏ భాగం వేయడం కష్టమైంది? మళ్లీ వేస్తే ఏం మారుస్తావు? ఈ రెండు ప్రశ్నలు చాలు. తాతయ్యల అటకల మీద పాత చందమామలు ఉంటే దించండి. వాటికి మహాభారత ముఖచిత్రాలు వేసిన ఎం.టి.వి. ఆచార్య కన్నడనాడువారే. తర్వాత బెంగళూరు నుంచి పోస్టు ద్వారా బొమ్మలు నేర్పారు. వడ్డాది పాపయ్య రంగు, బాపు గీత పక్కపక్కన పెట్టి ఎవరి బొమ్మ ఎందుకు నచ్చిందో పిల్లను చెప్పమనండి. మీకు నచ్చినదీ చెప్పండి. ఒప్పుకోకపోతే వాదించుకోండి, తెలుగులోనే.

ఈ పిల్లల్లో చిత్రకారులయ్యేది ఏ ఒక్కరో ఇద్దరో. మిగిలినవారు రేపు ఇళ్లు కడతారు, యాప్‌లు చేస్తారు, ఓట్లు వేస్తారు, చెరువు గట్టున ఏం కట్టాలో, ఏం కట్టకూడదో నిర్ణయిస్తారు. వాళ్లందరికీ చూడటం రావాలి. చూసింది చెప్పడం రావాలి. వచ్చే వారం టైంటేబుల్‌లో ఆ ఒక్క పీరియడ్ ఎవరికీ అరువివ్వకుండా ఉంచండి.